ఉప్పునీళ్లు తాగిన మిద్దె

పాత కట్టడాల మరమ్మతు పని నెత్తిన పడ్డ కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ అందరూ ఒకటే అడుగుతారు. "పాతకాలం వాళ్లు సున్నంలో ఏం కలిపేవాళ్లు సార్?" బెల్లమా, కరక్కాయా, కోడిగుడ్డా అని. పులిహోరలో ఇంగువ ఎంత వెయ్యాలని అడిగినట్టే ఉంటుంది నాకు. చెబుతాను, రాసుకుంటారు, వెళ్లిపోతారు. ఆ పాళ్లు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నేను చెప్పాల్సింది అది కాదు. సున్నంలో కలపాల్సినవాటిలో అన్నిటికన్నా కష్టంగా దొరికేది మంచినీళ్లు. దాన్ని గురించి నన్ను ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

నాలుకతో మొదలైన ఉద్యోగం

యాభైల చివర నేను ఓవర్సీరుగా చేరాను. నాతోపాటు చేరినవాళ్లకి వంతెనలు ఇచ్చారు, కాలువ పనులు ఇచ్చారు. నాకు మాత్రం నెల్లూరు నుంచి సూళ్లూరుపేట దాకా సముద్రం వైపున్న పాత సర్కారు కట్టడాలు అప్పగించారు. బంగళాలు, గిడ్డంగులు, ఆసుపత్రులు. అన్నీ మా తాతల నాటి సున్నపు కట్టుబడి. కొత్తది కట్టేవాడికి పేరు, పాతది బాగుచేసేవాడికి తిట్లు. వాన కురవకపోతే మనం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు, కురిస్తే అందరికీ మనమే గుర్తొస్తాం.

నా మొదటి పైఅధికారిని అందరం పెద్దసారు అనేవాళ్లం. లావుపాటి మనిషి, నోటినిండా తాంబూలం. మొదటివారమే నన్ను దొరవారిసత్రం దగ్గర ఒక బంగళాకి తీసుకెళ్లాడు. అంతకు కొన్నేళ్ల ముందు ఎవరో గట్టిగా ఉంటుందని గోడలకి రొమ్మెత్తు వరకు సిమెంటు పూయించారు. సిమెంటు నిక్షేపంగా ఉంది. దాని పైన ఇటుకలు మాత్రం మరమరాల్లా రాలిపోతున్నాయి. పెద్దసారు తాంబూలం ఉమ్మేసి, నోరు పుక్కిలించి, ఒక ఇటుక పెళ్లని నాలుకకి ఆనించుకున్నాడు. ఇంకో పెళ్ల నా చేతిలో పెట్టి రుచి చూడమన్నాడు. నాకు రోత పుట్టింది. అయినా కొత్త ఉద్యోగం, కాదనలేక చూశాను.

"ఎట్టా ఉంది?"

"ఉప్పగా ఉంది సార్."

"ఉండదా మరి! ఈ నేలలో ఉండేదే ఉప్పునీళ్లు. గోడ వాటిని పీలుస్తుంది. సున్నం పూత ఉన్నప్పుడు ఆ తడి బయటికి ఆరిపోయేది, ఉప్పు దిగి పూత రాలేది. రాలితే మళ్లా పూసుకుంటాం. ఈ మహానుభావులు సిమెంటు పెట్టి దాని నోరు మూసినారు. తడి పైకెక్కింది, పూతకి బదులు గోడ రాలతా ఉంది."

ఉద్యోగమంతటిలో నేను నేర్చుకున్న శాస్త్రం ఇంతే. పూత అనేది గోడ కోసం పోవడానికే ఉంది. దాన్ని గోడకన్నా గట్టిగా చేసినవాడు గోడకి శత్రువు. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా ముందు గోడ రుచి చూసేవాణ్ణి. మా ఆవిడ దీనికి చాలా ఏళ్లు నవ్వింది.

ఖాదర్ మేస్త్రి

సూళ్లూరుపేటలో ఖాదర్ మేస్త్రి ఉండేవాడు. పులికాట్ చెరువులో దొరికే గుల్లలు కాల్చి సున్నం చేయడం, దాన్ని ఎద్దుల గానుగలో ఇసుకతో కలిపి వెన్నలా రుబ్బడం వాళ్ల ఇంటి పని. గుల్లల్ని మంచినీళ్లతో కడిగి, ఉప్పు పోయిందని తను నోట్లో వేసుకుని చూశాకే బట్టీకి ఎక్కించేవాడు. కడగడంలో ఎవరైనా బద్ధకించారా, ఆ కుప్పంతా కాలితో తన్నేసేవాడు. పెద్దసారుకీ ఆయనకీ అందుకే కుదిరింది. ఇద్దరూ నాలుకతో బతికిన మనుషులు.

ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పను. మహా గర్విష్ఠి. తన ఇంటివాళ్లకి తప్ప ఎవరికీ పని నేర్పడు. పొగడకపోతే పని ఆపేసి బీడీ ముట్టించుకుని కూర్చుంటాడు. ఇంకొకటి, పై మెరుగుకి కోడిగుడ్లు కావాలని ప్రతి పనికీ బుట్టెడు తెప్పించేవాడు. గోడలోకి పోయిన గుడ్డు నేనొక్కటీ చూడలేదు. పని జరిగినన్నాళ్లూ ఆయన గుడారం దగ్గర గుడ్డట్టు వాసన మాత్రం వచ్చేది. అడిగితే, "సార్, మేస్త్రి బలంగా ఉంటేనే గదా గోడ బలంగా ఉండేది!" అన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

కాలువగట్టు ఆసుపత్రి

ఇక అసలు విషయానికి వస్తాను. తోటపల్లి గూడూరుకి అవతల, బకింగ్‌హాం కాలువ గట్టున ఒక చిన్న కాన్పుల ఆసుపత్రి ఉండేది. ఎప్పుడో మిషను వాళ్లు కట్టింది, తర్వాత సర్కారుకి వచ్చింది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదొక్కటే దిక్కు. దాని నర్సు మార్తమ్మ. ఆమె తల్లి కూడా అక్కడే మిషను దొరసానుల దగ్గర పనిచేసింది. ఆ ఆసుపత్రిని మార్తమ్మ తన ఇంటికన్నా ఎక్కువగా చూసుకునేది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నా పేరు కూడా అడక్కుండా, "కప్పు కారతా ఉంది సార్. బాలింతల మీద గొడుగు పట్టుకుని నిలబడతా ఉండాం. ఏం చేస్తారో చెయ్యండి. పడగొట్టొద్దు, బాగుచెయ్యండి. పడగొడితే మళ్లా కట్టేదాకా మావోళ్లు యాడికి పోయేది?" అంది.

ఆ మాట మీదే పని మొదలైంది. అది సున్నపు మిద్దె. టేకు దూలాలు, వాటిమీద ఐమూలగా పేర్చిన ఇటుక, దానిపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు. కాంక్రీటంటే సిమెంటుతోనే పుట్టిందనుకుంటారు ఇప్పటి పిల్లలు. ఈ సున్నపు కాంక్రీటు అంతకన్నా ఎంతో పాతది. అయితే ఇది పోస్తే గట్టిపడదు. కొట్టాలి. ఆడవాళ్లు వరసగా కూర్చుని, చదునైన చెక్కలతో, కరక్కాయ బెల్లం నానేసిన నీళ్లు చల్లుతూ, చెక్క ఎగిరి వెనక్కి వచ్చేదాకా రోజుల తరబడి కొడతారు. మధ్యలో తడి ఆరకూడదు. ఆరితే పగుళ్లిస్తుంది, ఆ భాగం ఊడగొట్టి మళ్లీ వెయ్యాలి. దూలానికీ దూలానికీ మధ్య భాగాన్ని మేం అర అనేవాళ్లం. చెడిన అరలు విప్పి ఒక్కొక్కటే కొత్తగా వేసుకుంటూ వచ్చాం.

కొట్టేవాళ్లంతా ఆ చుట్టుపక్కల ఆడవాళ్లే. ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు, అక్కడే కన్నవాళ్లు. కొడుతూ పాడేవాళ్లు. పాటలో ఖాదర్ మేస్త్రి గడ్డాన్నీ నా టోపీనీ కూడా వదల్లేదు.

నీళ్లే తంటా. ఆసుపత్రి బావి ఉప్పు. కాలువ సముద్రానికి చుట్టం, అదీ ఉప్పే. మంచినీళ్లు దూరంగా ఇసకదిబ్బల దగ్గర చెలమల్లోనే దొరికేవి. అక్కణ్ణించి పీపాల బండి మీద తెప్పించేవాళ్లం.

చివరి అర వేసేరోజు రోహిణి ఎండ. పడమటి గాలి నిప్పులు చెరుగుతోంది. కాన్పు గదికి సరిగ్గా పైనున్న అరల్లో ఒకటి అది, కింద మంచాన్ని గదిలో ఇంకో మూలకి జరిపించాం. సగం కొట్టాక నీళ్లు అయిపోయాయి. బండి రాలేదు. ఇరుసు విరిగి ఇసకలో కూలబడిందని బండివాడు నడుచుకుంటూ వచ్చి చెప్పాడు. ఆసుపత్రి వరండాలో ఒక్క కాగు మంచినీళ్లు ఉన్నాయి. ఖాదర్ మేస్త్రి నిచ్చెన దిగి దాని దగ్గరికి వెళ్లాడు. మార్తమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆ నీళ్లు ఇప్పించు మార్తమ్మా. బండి రాగానే రెండు కాగులు నింపిస్తా."

"బండి ఎప్పుడొస్తుందో నీకేమన్నా తెలుసునా ఖాదరన్నా? లోపల రమణమ్మకి బిడ్డ అడ్డం తిరిగుండాది. ఒక్క చెంబు గూడా ఇయ్యను."

"ఇప్పుడు తడి లేకుంటే మిద్దె పోతుంది తల్లీ!"

"పోతే మళ్లా వేసుకుంటారు. ఈ పిల్ల పోతే?"

పైన చెక్కల చప్పుడు ఆగిపోయింది. రమణమ్మ ఆ కొట్టే ఆడవాళ్ల పేట పిల్లే. లోపలినుంచి ఆ పిల్ల అరుపు అందరికీ వినిపిస్తోంది. నేను ఆ అర వదిలేద్దామన్నాను. "వదిలేస్తే ఆ గది కప్పు లేకుండా ఉంటాది. మళ్లా గానుగ ఆడించి తెచ్చేలోపల వాన పడితేనో?" అన్నాడు మేస్త్రి. ఆయన చెప్పిందీ నిజమే. అప్పుడు కొట్టే ఆడవాళ్లలో ఒకామె పైనుంచి కేకేసింది.

"కాలువ నీళ్లు తెస్తామన్నా. ఎట్నో ఒకట్న తడి ఆరకుండా చూస్తే చాలు గదా?"

ఖాదర్ మేస్త్రి తలగుడ్డ తీసి నేలకి కొట్టాడు. తర్వాత నెమ్మదిగా, "పోసుకోండి. నా కళ్ల ముందర మాత్రం పోయొద్దు" అని మిద్దెకి వీపు పెట్టి కూర్చున్నాడు.

నేను అడ్డు చెప్పలేదు. ఈరోజు అడిగినా చెప్పను. కుండలతో కాలువ నీళ్లు తెచ్చి చల్లుతూ కొట్టారు. పొద్దు వాలుతుండగా కిందినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. చెక్కలన్నీ ఒక్కసారి ఆగాయి. "ఆడపిల్ల! ఇద్దరూ బాగుండారు!" అని మార్తమ్మ కేక పెట్టింది. పైన ఆడవాళ్లు నవ్వుతూ, ఏడుస్తూ మళ్లీ చెక్కలందుకున్నారు. అంత సంతోషంగా జరిగిన పని నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు.

బండి బాగయ్యాక ఆ అర మీద మంచినీళ్లు కట్టి ఉప్పు కడగాలని చూశాం. కొంత పోయింది. ఖాదర్ మేస్త్రి నాలుకకి ఆనించి చూసి మొహం చిట్లించాడు. "ఉంటుంది సార్. మన తర్వాత గూడా ఉంటుంది" అన్నాడు.

కొత్తసారు

ఆ తర్వాత కప్పు ఒక్క చుక్క కారలేదు. అయితే కార్తీకం వానలు పడి గాలిలో చెమ్మ పెరిగిందంటే, కాన్పు గదిలో ఆ ఒక్క అర కింద తెల్లగా ఉప్పు పూసేది. అడుగు పూత పెచ్చులు లేచేది. మార్తమ్మ మంచం పక్కకి జరిపి, చీపురుతో దులిపేసి, ఏడాదికోసారి సున్నం కొట్టించేది. అదేం పెద్ద రోగం కాదు. జలుబు లాంటిది, వచ్చిపోతుంది.

అరవైలు సగం దాటాక పెద్దసారు రిటైరయ్యాడు. ఆయన స్థానంలో మద్రాసులో చదువుకున్న కొత్తసారు వచ్చాడు. చురుకైనవాడు, లంచం ముట్టనివాడు, జనానికి మంచి చెయ్యాలని నిజంగా తపన ఉన్నవాడు. ఆయన్ని విలన్ని చేసి చెబితే నాకు సుఖంగా ఉండేది కానీ అది అబద్ధం అవుతుంది. ఆయన సరిగ్గా వానల్లో తనిఖీకి వచ్చాడు. కాన్పు గదిలో నిలబడి తలెత్తి చూస్తుండగా ఒక పెచ్చు ఊడి, బిడ్డల్ని కడిగే బేసినులో పడింది.

నేను జరిగిందంతా చెప్పాను. ఇరుసు విరగడం, కాలువ నీళ్లు, అన్నీ. ఆ ఒక్క అర మార్చితే చాలన్నాను. ఖాదర్ మేస్త్రిని కూడా పిలిపించాను. అప్పటికి ఆయనకి వయసు మీదపడింది, గర్వం మాత్రం తగ్గలేదు. కొత్తసారు ఓపికగా విన్నాడు.

"అర మార్చేటప్పుడు మళ్లీ బండి ఇరుసు విరగదని మీరు హామీ ఇస్తారా?" అని నన్నడిగాడు.

"ఇవ్వలేను సార్."

"ఇంకో పాతికేళ్లకి ఈ పని చేసేవాళ్లుంటారా?" అని మేస్త్రిని అడిగాడు.

మేస్త్రి కొడుకులిద్దరూ గానుగ వదిలేసి బజారులో కొట్టు పెట్టుకున్నారు. నేర్చుకోవాలని వచ్చిన బయటివాళ్లని ఆయనే తరిమేశాడు. మేస్త్రి మాట మార్చి, "ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటారా సార్?" అన్నాడు. కొత్తసారు నవ్వి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మిద్దె తీసేసి సిమెంటు శ్లాబు వెయ్యాలని ఖాయమైంది. ఏ మందైనా అందరూ వెయ్యగలిగేదిగా ఉండాలని ఆయన వాదన. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన సమాధానం లేదు.

ఒక్క సంగతి మాత్రం ఆయన పట్టించుకోలేదు. నేనెంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. సిమెంటుకీ మంచినీళ్లే కావాలి. ఆ శ్లాబు ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఆ పని వేరే సెక్షను వాళ్లకి వెళ్లింది. దిబ్బల దాకా ఎవరు పోతారని కంట్రాక్టరు కాలువలో బాల్చీ ముంచాడు. ఈసారి లోపల ఎవరి ప్రాణమూ అడ్డం పడలేదు, ఒట్టి బద్ధకమే. ఉప్పు సున్నాన్ని పెచ్చులు లేపి వదిలేస్తుంది. ఇనుముని వదలదు. పదేళ్లు తిరిగేలోగా శ్లాబు అడుగున తుప్పు చారలు దిగాయి, కడ్డీలు ఉబ్బి ముద్దలు ముద్దలుగా సిమెంటు రాలడం మొదలైంది. ఇది జలుబు కాదు, క్షయ.

కాబట్టి పిల్లలూ, సున్నమా సిమెంటా అని నన్ను అడక్కండి. నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి, బండి రాకపోతే ఏం చేస్తారు, ఆ పని తెలిసినవాళ్లు రేపు ఉంటారా అని ముందు మీరు విచారించుకోండి. మేస్త్రి ఎంత గర్విష్ఠి అయినా సరే, ఆయన గడ్డం పట్టుకునైనా ఇద్దరు పిల్లల్ని ఆయన దగ్గర పనిలో పెట్టించండి. సున్నం చెడిపోయి పోలేదు. తెలిసిన చేతులు లేక పోయింది.

పగలగొట్టిన రోజు

ఆ మిద్దె తీసే పని మాత్రం నా చేతే చేయించారు. నేను వేయించినదాన్ని నేనే తీయించాలి. కూలీలు గునపాలతో ఎక్కారు. పాత సున్నం కదా, మధ్యాహ్నానికల్లా కింద పోసేస్తామన్నారు. గునపం వేస్తే ఎగిరి వచ్చింది. ఇంకోచోట వేశారు, అక్కడా అంతే. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి నెల్లూరు నుంచి సమ్మెటలు తెప్పించాల్సి వచ్చింది. దెబ్బదెబ్బకీ మిద్దె గంటలా మోగింది.

మార్తమ్మ రాలేదు. అవతల తాటాకుల పందిట్లో మంచాలు వేసుకుని ఇద్దరు బాలింతల దగ్గర ఉంది. తలుపు లేని ఆ పందిరి వైపు చూస్తే, పడగొట్టొద్దని మొదటిరోజు ఆమె అన్న మాట చెవిలో పడేది.

ఖాదర్ మేస్త్రి వచ్చాడు. కాలువగట్టు మీద కూర్చున్నాడు, ఈసారి ఇటువైపు తిరిగి. "వినండి సార్, ఎట్టా మోగతా ఉందో! అబ్బ!" అన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. మా పని ఎంత గట్టిదో మాకు రుజువు దొరికింది ఆ ఒక్కరోజే. నాకు దుఃఖం వచ్చింది. పనివాళ్ల ముందు ఆపుకున్నాను.

చివర్న కాన్పు గది మీది అర దగ్గరికి వచ్చారు. అదైనా సులువుగా ఊడుతుందనుకున్నాను. నిజంగా ఊడాలనే కోరుకున్నాను. ఊడితే కనీసం కొత్తసారు మాట కొంత నిజమయ్యేది. అడుగు పూత పెచ్చులుగా రాలింది. దానిపైన కాంక్రీటు మిగతావాటిలాగే సమ్మెటకి ఎదురు తిరిగింది. ఉప్పు దాని చర్మాన్నే తింది, లోపలి గట్టితనాన్ని ముట్టలేదు.

అప్పుడు నా వెనకనుంచి ఎవరో పిలిచారు. రమణమ్మ. ఆమె చెయ్యి పట్టుకుని ఒక ఆడపిల్ల, బడికి పోయే వయసు. ఆనాడు ఆ గదిలో పుట్టిన పిల్ల.

"సార్, ఆ దినం మా కోసరం నీళ్లు ఉంచబట్టే ఈ మిద్దె చెడిపోయిందని అంటా ఉండారు. నిజమేనా?"

"లేదమ్మా," అన్నాను. "చెడిపోలేదు. నువ్వే విను. బాగానే ఉంది మిద్దె."

ఆమె మొహంలో బరువు దిగిపోయింది. పైకి చూసింది. సమ్మెట మళ్లీ పడింది, మళ్లీ మోగింది.

"బాగుంటే ఎందుకు సార్ పగలగొడతా ఉండారు?"

ఆమె కాసేపు నా మొహం చూసి, పిల్ల జుట్టు మీద పడ్డ సున్నపు దుమ్ముని కొంగుతో దులిపి, చెయ్యి పట్టుకుని కాలువగట్టు మీదుగా ఇంటికి వెళ్లిపోయింది.